పిల్లలు రాసింది చదివే తీరిక ఇవ్వండి: విద్యాశాఖ కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర విద్యాశాఖ కార్యదర్శి గారికి,

నమస్కారం.

నేను జిల్లా పరిషత్ హైస్కూళ్లలో 29 ఏళ్లు తెలుగు చెప్పి ఈమధ్యే రిటైరయ్యాను. పదో తరగతి పిల్లలకు ఇంటర్నల్ మార్కులు, అంటే బడిలోనే వేసి ఫైనల్లో కలిపే మార్కులు, వేసిన చేతుల్లో నాదీ ఒకటి. ఆ మార్కులు కొలవాల్సి ఉండీ కొలవని రెండు విషయాల గురించి మీకు చెప్పుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. పిల్లవాడు సొంతంగా ఆలోచించి, ఎవరూ చెప్పనిది ఒకటి చెప్పగలడా అన్నది మొదటిది. తన చదువును తాను చూసుకోగలడా అన్నది రెండోది. అంటే తనకేది వచ్చు, ఏది రాదు, రానిదాన్ని ఎలా పట్టుకోవాలి అన్న ఎరుక. ట్రైనింగుల్లో వీటిని సృజనాత్మక ఆలోచన, స్వీయ నియంత్రిత అభ్యసనం అని చెబుతారు.

మన పదో తరగతి తెలుగు పేపర్లో ‘వ్యక్తీకరణ - సృజనాత్మకత’ అని ఒక భాగమే ఉంది. కరపత్రం రాయండి, లేఖ రాయండి, సంభాషణ రాయండి అని అడుగుతాం. కొన్నేళ్ల కిందట మా బడి ప్రీ ఫైనల్లో చెరువులను కాపాడుకోవాల్సిన అవసరం మీద కరపత్రం రాయమన్నాను. 46 పేపర్లు వచ్చాయి. దాదాపు అన్నీ ఒకే తీరున మొదలయ్యాయి: ‘సోదర సోదరీమణులారా! నీరే ప్రాణాధారం. నేడు చెరువులు కనుమరుగవుతున్నాయి.’ అందరి దగ్గరా ఉన్నది ఒకటే గైడు మరి. శీర్షిక ఉంది, నినాదాలున్నాయి, కింద ‘ఇట్లు, పర్యావరణ పరిరక్షణ సమితి’ అనీ ఉంది. వంక పెట్టడానికి లేదు.

ఒక ఆడపిల్ల మాత్రం శీర్షిక పెట్టలేదు. నినాదాలు రాయలేదు. ‘మా ఇల్లు చెరువును పూడ్చిన మట్టి మీద ఉంది. ఈ కరపత్రం ముందు మా నాయనకే ఇవ్వాలి. ఇస్తే ఆయన ఏమంటడో నాకు తెలుసు. మనకు ఇంకెక్కడ జాగ ఉన్నది బిడ్డా అంటడు’ అని మొదలుపెట్టి ఆరేడు వాక్యాలు రాసింది. చదివి కాసేపు పెన్ను పక్కన పెట్టేశాను. తర్వాత వాల్యుయేషన్ స్కీము ప్రకారం శీర్షికకు లేదు, నమూనాకు లేదు, ముగింపుకు లేదు అనుకుంటూ సగం మార్కులు వేశాను. గైడు చూసి బట్టీ పట్టిన పిల్లలకు ఆమెకంటే ఎక్కువ వచ్చాయి. పబ్లిక్ పరీక్షల నాటికి ఆ పిల్ల కూడా ‘సోదర సోదరీమణులారా’ నేర్చుకుంది. ఇది నేను చేసిన తప్పు. నా చేతికి స్కీము ఇచ్చిన పద్ధతిదీ అందులో వాటా ఉంది.

సార్, సృజనను కొలవడం కుదరదని నేననడం లేదు. టెట్‌కో డీఎస్సీకో చదివిన ప్రతి టీచరుకూ సృజనను కొలిచే దారులు చూపిన గిల్‌ఫర్డ్, టోరెన్స్, బాకర్ మెహదీ పేర్లు నోటికొచ్చు. ధారాళత, నమ్యత, మౌలికత, విస్తరణ అన్న నాలుగు మాటలూ వచ్చు. ఇటుకతో ఏమేం చేయొచ్చో చెప్పమంటే ఎన్ని చెప్పాడన్నది ధారాళత. గోడ, అరుగు, పొయ్యి అని అన్నీ కట్టడాలే చెప్పాడా, లేక కాగితాల మీద బరువుగా పెట్టడం, గుండ చేసి ముగ్గుకు రంగు కలపడం అంటూ దారి మార్చాడా అన్నది నమ్యత. చెప్పినదాన్ని ఎంత వివరంగా అల్లాడన్నది విస్తరణ. మౌలికత సంగతి వేరు. మిగతా వందమంది చెప్పనిది చెబితేనే అది మౌలికం. ఒక్క పేపరు చేతిలో పెట్టుకుని చూస్తే అది తెలియదు. కట్ట మొత్తం చదివితేనే తెలుస్తుంది. నాకు ఆ పిల్ల మాట కొట్టొచ్చినట్టు కనిపించిందంటే ముందు 30 మంది ‘నీరే ప్రాణాధారం’ అని రాసి ఉండటం వల్లే.

దేశదేశాల పిల్లలకు పీసా పరీక్ష పెట్టే ఓఈసీడీ అనే దేశాల కూటమి వాళ్లు 2022లో 15 ఏళ్ల పిల్లల సృజనాత్మక ఆలోచనను మొదటిసారి కొలిచారు. రకరకాల ఆలోచనలు చెప్పడం, కొత్త ఆలోచన చెప్పడం, ఉన్న ఆలోచనను మెరుగుపరచడం అని మూడు పనులు అడిగారు. జవాబులు దిద్దేవాళ్లకు, ఎక్కువమంది రాసే మామూలు ఆలోచనలు ఏవో ముందే గుర్తించి ఇచ్చారు. 2024 జూన్‌లో వచ్చిన ఫలితాల్లో 60కి 41తో సింగపూర్ మొదట నిలిచింది. ఓఈసీడీ దేశాల సగటు 33. మన దేశం ఆ పరీక్షలో లేదు. సింగపూర్ పేరు ఎందుకు ఎత్తానంటే, అక్కడి పిల్లలకు పరీక్షల టెన్షన్ మనకేమీ తీసిపోదు. పరీక్షలున్న చోట సృజన ఉండదన్న మాట నిజం కాదు. ఏం అడుగుతున్నాం, వచ్చిన జవాబును ఎలా చదువుతున్నాం అన్న దగ్గరే తేడా వస్తోంది.

అందరూ చెప్పే జవాబు ఏదో ముందే గుర్తించే ఈ పద్ధతి మనకు కొత్తదీ కాదు. అవధానంలో సమస్య ఇచ్చే పృచ్ఛకుడు అందరికీ తెలిసిన పాత సమస్య ఇస్తే సభ నవ్వుతుంది. నిషిద్ధాక్షరిలోనైతే పద్యంలో సహజంగా వచ్చి పడబోయే అక్షరాన్ని ముందే పసిగట్టి వద్దంటారు. అలవాటైన దారి మూసేస్తేనే కదా అవధాని కొత్త దారి వెతికేది. మన ప్రశ్నపత్రం సరిగ్గా దీనికి ఎదురు పని చేస్తోంది. నిరుడు అడిగిందే కాస్త మార్చి అడిగి, పిల్లలను అలవాటైన దారిలోకే తోస్తోంది. ఆ పైన స్పాట్ వాల్యుయేషన్‌లో రోజుకు 40 పేపర్లు దిద్దాలి. మధ్యాహ్నం మూడు దాటాక ‘మా నాయనకే ఇవ్వాలి’ అన్న వాక్యం దగ్గర ఆగే ఓపిక ఎవరికుంటుంది?

ఇక రెండో విషయం. దీని గురించి మాట్లాడేవాళ్లే తక్కువ. మన తెలుగు వాచకాల్లో పాఠం చివర ‘నేను ఇవి చేయగలనా?’ అని ఒక చిన్న పట్టిక ఉండేది. పాఠాన్ని ధారాళంగా చదవగలను, సొంత మాటల్లో చెప్పగలను అని కొన్ని వాక్యాలు, పక్కన అవును, కాదు. పుస్తకం రాసినవాళ్లకు చేతులెత్తి మొక్కాలి. పిల్లవాడు తన చదువును తానే తూకం వేసుకోవాలని అనుకున్నారు వాళ్లు. మా బడిలో ఏం జరిగేదో చెబుతాను. జూన్‌లో పుస్తకాలు పంచిన రోజే బాల్ పెన్నుతో అన్ని పాఠాలకూ ‘అవును’ టిక్కు పెట్టేసేవారు, పాఠం మొదలుకాకముందే. కాదని పెడితే సార్ తిడతాడని భయం. మరి ఆ పట్టికను మళ్లీ తెరిచి చూడమని మేమైనా ఎప్పుడు చెప్పాం?

పిల్లవాడు తన చదువును ఎలా చూసుకుంటాడో అతన్నే అడిగే పెద్ద పెద్ద ప్రశ్నావళుల్లోనూ ఇదే చిక్కు ఉంది. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో పింట్రిచ్, ఆయన తోటివాళ్లు తయారుచేసిన ప్రశ్నావళిలో 81 వాక్యాలుంటాయి. ప్రతి దానికీ విద్యార్థి తనకు ఎంతవరకు వర్తిస్తుందో 1 నుంచి 7 దాకా ఒక అంకె వేయాలి. పరిశోధనకు అది పనికొస్తుంది. మన బడిలో దాన్ని పంచి, మార్కులు కూడా ముడిపెడితే అందరూ ఏడులే వేస్తారు. ఈ విషయం మీదే పరిశోధన చేసిన జిమ్మర్‌మన్ చెప్పింది నాకు ఎక్కువ దగ్గరగా అనిపిస్తుంది. పనికి ముందు ఏం అనుకున్నాడు, చేసేటప్పుడు ఎలా చూసుకున్నాడు, అయ్యాక ఏం గ్రహించాడు అని ఆయన ఈ చదువును ఒక చక్రంలా చూశాడు. అది ఊరి రైతుకు తెలిసిన లెక్కే. ఈ చెలకలో ఏం వేయాలి, మధ్యలో తెగులేమైనా తగిలిందా, వచ్చే ఏడు ఏం మార్చాలి అని అతనూ ఇదే వరసలో ఆలోచిస్తాడు.

నేను చేసిన ఒక చిన్న ప్రయత్నం చెబుతాను. 20 మార్కుల స్లిప్ టెస్టు మొదలయ్యే ముందు పేపరు కుడి మూల ‘నా అంచనా’ అని రాసి తనకెన్ని వస్తాయో ఒక అంకె వేయమనేవాణ్ని. దిద్ది ఇచ్చాక అసలు మార్కు పక్కన రాసి, ఎందుకు తేడా వచ్చిందో ఒక్క వాక్యం రాయమనేవాణ్ని. అంతకు మించి ఏమీ లేదు.

ఛందస్సు టెస్టులో ఒక పిల్లవాడు 20 అని అంచనా వేసి 8 తెచ్చుకున్నాడు. ఉత్పలమాల గణాలేవిరా అంటే నిద్రలో లేపి అడిగినా ‘భ ర న భ భ ర వ’ అంటాడు. పద్యపాదం ఇచ్చి గురువు, లఘువు గుర్తించమంటే మాత్రం మూడో అక్షరం దగ్గరే తప్పాడు. నోటికొస్తే వచ్చేసినట్టే అని వాడి నమ్మకం. ‘ఎందుకు తేడా’ దగ్గర ‘సార్ కష్టంగ ఇచ్చిండు’ అని రాశాడు. నాలుగో టెస్టుకు అంచనా 11, వచ్చింది 12. కింద ఇలా రాశాడు: ‘సంయుక్తాక్షరం ముందున్న అక్షరం గురువు అని మర్చిపోతున్న. ఈసారి ముందు అసుంటి అక్షరాల కింద గీతలు గీసుకొని తర్వాత మొదలువెట్టిన.’

మార్కుల రిజిస్టరులో చూస్తే వాడు 8 నుంచి 12కు వచ్చాడు, అంతే. నాకు కనిపించింది వేరే లెక్క. అంచనాకూ వచ్చినదానికీ తేడా 12 నుంచి 1కి దిగింది. తన తప్పు ఎక్కడుందో వాడే పట్టుకున్నాడు, దానికి మందు కూడా వాడే కనిపెట్టాడు. అదే తరగతిలో ఒక ఆడపిల్ల ప్రతిసారీ 10 అని రాసి 18 తెచ్చుకునేది. వచ్చినదాన్నే మళ్లీ మళ్లీ చదువుతూ రాత్రి పన్నెండు దాకా కూర్చునేది. ఆమెకు కావాల్సింది ఇంకో స్పెషల్ క్లాసు కాదని ఆ రెండు అంకెలు చూశాకే నాకు తెలిసింది. ఈ సంగతులు ఎక్కించడానికి ఆన్‌లైన్‌లో కాలమ్ లేదు. లేకపోవడమే మంచిదైంది. ఉండి ఉంటే పిల్లల అంచనాలన్నీ నా చేత్తో నేనే సరిచేసి పంపేవాణ్నేమో.

ఈ మాట ఎందుకంటున్నానో మీకు తెలుసు. ఇంటర్నల్స్‌లో పిల్లల భాగస్వామ్యం, రాత అంశాలు, ప్రాజెక్టు పని, లఘు పరీక్ష, ఒక్కోదానికి 5 మార్కులు. 2014-15లో మొదలైనప్పుడు ఎంత సంబరపడ్డానో! రెండేళ్లకే సంగతి తేలిపోయింది. ప్రైవేటు వాళ్లు 20కి 20 వేస్తుంటే మన పిల్లలకు మనం 15 వేసి అన్యాయం చేస్తామా అని స్టాఫ్ మీటింగులో ప్రశ్న. దానికి నా దగ్గరా జవాబు లేకపోయింది. అందరికీ 20 వేశాం. ప్రాజెక్టులు నెట్ సెంటర్లో ప్రింటై వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ 2019లో ఇంటర్నల్స్ తీసేసింది. మన దగ్గర 2024 నవంబరులో తీసేస్తామని ఉత్తర్వు ఇచ్చి, వెంటనే ఆ ఏడాదికి ఆపారు. ఉంచాలా, తీసేయాలా అన్న ఈ వాదనలో అసలు తప్పు మరుగున పడిపోయింది. పిల్లవాణ్ని అర్థం చేసుకోవడానికి పెట్టిన కొలతను ఫైనల్ మార్కుల్లో కలిపాం. కలిపిన రోజే అది చెడింది.

ఇప్పుడు 2020 జాతీయ విద్యా విధానం చెప్పిన సమగ్ర ప్రగతి కార్డు వస్తోంది. అందులో పిల్లవాడు తన గురించి తాను, తోటివాళ్ల గురించి తాను చెప్పే భాగాలుంటాయి. వద్దనను. నా భయమల్లా అది ఇంకో డేటా ఎంట్రీగా మారుతుందేమోనని. ఫొటో తీసి అప్‌లోడ్ చేయండి, సాయంత్రం ఐదులోగా నూరు శాతం పూర్తి చేయండి అని వాట్సాప్‌లో మెసేజి వచ్చిందంటే దాని పని అయిపోయినట్టే.

నేను కోరేవి పెద్దవేం కావు. సృజనకు గానీ, తన చదువు తాను చూసుకోవడానికి గానీ పిల్లవాడి పేరు మీద మార్కు వేయకండి, బడికి ర్యాంకు ఇవ్వకండి. రాష్ట్రం ఎలా ఉందో తెలుసుకోవాలంటే ఎనిమిదో తరగతిలో కొన్ని బడులను నమూనాగా ఎంచుకుని, పేరు లేకుండా, ఏ గైడులోనూ లేని రెండు ప్రశ్నలు ఇవ్వండి. ఆ కట్టలను టీచర్లు ఒకచోట కూర్చుని కలిసి చదివేలా చూడండి. అలా వచ్చిన వాటిలో ఒక ఇరవై జవాబులు, బాగున్నవీ, మామూలువీ, ఎటూ తేల్చలేనివీ, చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే ప్రతి స్కూల్ కాంప్లెక్స్ మీటింగుకు పంపండి. పవర్‌పాయింట్లు చూపించే బదులు ఆ పూట వాటి మీద మాట్లాడుకోనివ్వండి. 29 ఏళ్లలో సృజనాత్మకత మీద ట్రైనింగులు చాలా అయ్యాయి. పక్క బడి పిల్ల రాసిన పేజీ ఒక్కటి కూడా నా ముందు పెట్టలేదు ఎవరూ.

పదో తరగతి పేపర్లో సృజనాత్మకత ప్రశ్న ఒక్కటైనా నిజంగా కొత్తది అడగండి. స్కీములో శీర్షికకు, నమూనాకు మార్కులు తగ్గించి, సొంత మాటకు, సొంత ఊరికి చోటివ్వండి. ‘నేను ఇవి చేయగలనా?’ పట్టిక పాఠానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి నింపేలా రెండు వరసలుగా అచ్చు వేయించండి. ఇంటర్నల్ మార్కుల కోసం ఏడాదికి నాలుగుసార్లు జరిపే ఫార్మేటివ్‌లను రెండుకు తగ్గించండి. మిగిలిన రోజులు పిల్లలు రాసింది చదవడానికి మాకు, అదే, ఇప్పుడు బడిలో ఉన్న మా తమ్ముళ్లకు, చెల్లెళ్లకు వదిలిపెట్టండి.

మార్కుల్లేకపోతే ఎవరూ పట్టించుకోరని మీ ఆఫీసులో ఎవరైనా అంటారు. నా ‘అంచనా’ అంకెకు ఎప్పుడూ మార్కు లేదు. రెండో నెల నుంచి నేను మర్చిపోయిన రోజున పిల్లలే ‘సార్, అంచనా రాయాల్నా?’ అని అడిగేవారు.

నా చివరి రెండేళ్ల స్లిప్ టెస్టు పేపర్లు పిల్లల దగ్గర అడిగి తీసుకుని అట్టపెట్టెలో దాచాను. కుడి మూల అంచనాలు, కింద వాళ్ల వాక్యాలు అన్నీ ఉన్నాయి. పాఠ్యపుస్తకాలు తయారుచేసే మన రాష్ట్ర సంస్థ ఎస్‌సీఈఆర్‌టీలో ఎవరైనా చూస్తామంటే పేర్లు కొట్టేసి తెచ్చి ఇస్తాను. బస్సు ఖర్చులు కూడా అడగను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్కూల్ అసిస్టెంట్ (తెలుగు)