యవ్వనస్థుల వేసవి శిబిరానికి మీ చేయూత కోరుతూ సంఘ కమిటీ విజ్ఞప్తి

ప్రభువునందు ప్రియమైన సంఘస్థులకు, ఉద్యోగాల కోసం ఊరు విడిచి వెళ్లిన మన బిడ్డలకు, సంఘ క్షేమం కోరే మిత్రులందరికీ కమిటీ తరఫున వందనాలు.

వచ్చే మే నెల రెండో వారంలో, వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న మన సంఘ ఆవరణలో, 18 నుంచి 25 ఏళ్ల యువతీయువకులకు 5 రోజుల శిబిరం జరపాలని కమిటీ తీర్మానించింది. ఇందుకు 2,50,000 రూపాయలు కావాలి. ఈ ఉత్తరం ఆ సొమ్ము కోసమే. అయితే ఈ వయసువాళ్ల కోసం ఇంత ఖర్చు దేనికని సంఘంలోనే కొందరు పెద్దలు అడిగారు. అడగవలసిన మాటే. ముందు దానికి జవాబు చెప్పి, ఆ తరువాతే లెక్కలోకి వెళతాం.

చిన్నపిల్లలకు సండే స్కూలు ఉంది, సెలవుల్లో వీబీఎస్ అనే బైబిలు బడి ఉంది. పెద్దలకు ఆరాధన, ఉపవాస ప్రార్థన, స్త్రీల సమాజం ఉన్నాయి. ఇంటరు దాటిన బిడ్డకు మన దగ్గర ఉన్నదల్లా పాటల బృందంలో ఒక చోటు, క్రిస్మస్‌కు నక్షత్రాలు కట్టే పని. బతుకులోని పెద్ద నిర్ణయాలన్నీ మీదపడేది సరిగ్గా ఆ వయసులోనే. భీమవరం వైపు రొయ్యల ప్లాంటులో షిఫ్టు పనికి కుదరాలా, హైదరాబాదు వెళ్లి కోచింగ్‌లో చేరాలా, అప్పు చేసి కువైట్ వీసా తీసుకోవాలా, ఇంట్లో చూసిన సంబంధానికి ఒప్పుకోవాలా? ఊడ్పులు అయిన కొద్దిరోజులు పైరు వాడిపోయి కనిపిస్తుందని, వేరు పట్టుకున్నాకే తేరుకుంటుందని మనకు తెలుసు. ఊరు దాటిన బిడ్డలూ అంతే. ఆ వేరు పట్టేలోపు వాళ్లతో మాట్లాడేవారు ఎవరు?

ఆదివారం రెండు గంటల ఆరాధనలో ఏ యువకుడూ లేచి ప్రశ్న అడగడు. అడిగితే వాళ్ల నాన్నకు చెబుతారని భయం. కానీ వాళ్ల దగ్గర ప్రశ్నలు చాలా ఉన్నాయి. అంత ప్రార్థన చేసినా అమ్మ ఎందుకు దక్కలేదు? కాలేజీలో చదివిన సైన్సుకూ సంఘంలో విన్న సృష్టి కథకూ పొత్తు ఎలా కుదురుతుంది? ఫోనులో పందేలు కాసి అప్పుల్లో పడ్డ స్నేహితుణ్ని ఎలా బయటకు తేవాలి? ఉద్యోగ దరఖాస్తులో మతం గడి దగ్గరకు వచ్చేసరికి చెయ్యి ఆగిపోతోంది, ఏం చేయాలి? ఈ చివరిది మన ఇళ్లలో ఎవరూ పైకి అనని మాట. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డు కులాల హోదా ఉండదు. మన రాష్ట్రంలో వారిని వెనుకబడిన తరగతుల్లో బీసీ-సిగా లెక్కిస్తారు. విశ్వాసానికీ ఉద్యోగానికీ మధ్య నిలబడ్డ 20 ఏళ్ల పిల్లవాడికి నీతులు చెప్పి ఊరుకుంటే సరిపోదు. అతడి పక్కన కూర్చుని ఓపికగా వినాలి.

శిబిరం విలువ అక్కడే ఉంది. కలిసి వండుకుని, కలిసి తిని, ఒకే చోట పడుకున్న వాళ్ల మధ్య రెండో రోజుకు బెరుకు పోతుంది. ఉదయం బైబిలు అధ్యయనం, పాటలు, మధ్యాహ్నం చదువులు, ఉద్యోగాల గురించి సలహాలు, సాయంత్రం ఆటలు ఉంటాయి. మేము ఎక్కువగా నమ్మేది మాత్రం రాత్రి భోజనాల తరువాతి సమయాన్నే. ఎనిమిదేసి మంది ఒక గుంపుగా, ఒక అన్ననో అక్కనో మధ్యలో పెట్టుకుని కూర్చుంటారు. అక్కడ ఏ ప్రశ్నకూ అడ్డు లేదు. ఆ అన్నలూ అక్కలూ మన సంఘంలో పెరిగిన నర్సులు, టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, చెరువుల మీద పనిచేసేవారు. పేరున్న ప్రసంగీకులను పిలిచి పెద్ద మైకులు పెట్టే ఆలోచన లేదు. ఆ ఖర్చు భోజనానికి పెడితే మంచిదని మా అభిప్రాయం.

ఇది మనం కొత్తగా కనిపెట్టిన పని కాదు. 1844లో లండన్‌లో వైఎంసీఏ అనే క్రైస్తవ యువకుల సంఘాన్ని మొదలుపెట్టిన జార్జి విలియమ్స్ అప్పటికి 22 ఏళ్లవాడు. బట్టల దుకాణంలో పనిచేసేవాడు. పల్లెల నుంచి పనికోసం పట్నం చేరి, దిక్కుతోచక ఉన్న తనలాంటి కుర్రవాళ్లను ప్రార్థనకు పోగుచేశాడు. మన డెల్టా కథ ఇంకా ముందుది. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చి, తరువాత నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో సువార్త పనికి పునాది వేసిన విలియం బౌడెన్ రాళ్లు చెక్కేవాడు, జార్జి బీర్ చెప్పులు కుట్టేవాడు. సాదాసీదా పనివాళ్లు, పైగా యువకులు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కూలీల మధ్య కూడా వాక్యం చెప్పారు. యవ్వనస్థులను నమ్మి బాధ్యత అప్పగిస్తే ఎంత పని జరుగుతుందో మన నేలకు బాగా తెలుసు.

మే నెలే ఎందుకంటే, దాళ్వా (రెండో పంట) కోతలు అప్పటికి అయిపోతాయి. డిగ్రీ పిల్లలు చాలామంది ఇంటి దగ్గరే ఉంటారు. జూన్‌లో సార్వా (మొదటి పంట)కు నీరు వదిలారంటే నారుమళ్ల పనిలో పడి ఎవరికీ తీరిక దొరకదు. కష్టమల్లా ఎండ, నీళ్లు. ఆ రోజుల్లో కాలువలు కట్టేసి ఉంటాయి, మంచినీటి చెరువు ఊరి అవసరానికే బొటాబొటీగా సరిపోతుంది. అందుకే ట్యాంకర్ల ఖర్చు కలపక తప్పలేదు.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. అమ్మాయిలకు పాత బడి భవనంలోని గదులు ఇస్తున్నాం. స్త్రీల సమాజం పెద్దలు ఐదు రాత్రులూ వారితోనే ఉంటారు. ఒక నర్సు ఎప్పుడూ అందుబాటులో ఉంటుంది. గోదావరిలో స్నానానికి అబ్బాయిలను సైతం పంపం.

ఇక లెక్క. యవ్వనస్థులు 120 మంది, సహాయకులు, వంటవారు 30 మంది వస్తారని అంచనా. మనిషికి రోజుకు 200 రూపాయల చొప్పున భోజనాలకు 1,50,000 అవుతుంది. షామియానా, జనరేటరు, నీళ్ల ట్యాంకర్లకు 60,000. మిగిలిన 40,000 పుస్తకాలకు, లంక గ్రామాల నుంచి వచ్చేవారి రేవు దాటింపు, బస్సు ఛార్జీలకు. వచ్చేవారు ఒక్కొక్కరు 300 రూపాయలు కడతారు కనుక 36,000 అక్కడే వస్తుంది. అది కూడా కట్టలేని బిడ్డను వెనక్కు పంపేది లేదు. సంఘం సమకూర్చుకోవలసింది 2,14,000 రూపాయలు. 1,000 రూపాయలు ఇస్తే ఒకరి ఐదు రోజుల భోజనం మీరు పెట్టినట్టే.

డబ్బే ఇవ్వాలని లేదు. దాళ్వా ధాన్యం ఇంటికి వచ్చినవారు బియ్యం ఇవ్వండి. తోటలున్నవారు అరటి గెలలు, కొబ్బరి బొండాలు పంపండి. పాడి ఉన్న ఇళ్లవారు మజ్జిగ బాధ్యత తీసుకోండి. స్త్రీల సమాజం వారు గుప్పెడు బియ్యం కానుకలో ఈ రెండు నెలలదీ శిబిరానికే ఇస్తామని ఇప్పటికే చెప్పారు. వారికి మా కృతజ్ఞతలు. వంటకు, వడ్డనకు రాగలిగినవారు పేరు ఇవ్వండి.

గల్ఫ్ దేశాల్లో ఉన్న మనవారికి ప్రత్యేకంగా చెప్పవలసింది ఉంది. విదేశీ విరాళాలు తీసుకోవడానికి కావలసిన ఎఫ్‌సీఆర్‌ఏ నమోదు మన సంఘానికి లేదు. భారతీయ పౌరులు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపే డబ్బు విదేశీ విరాళం కిందకు రాదు కనుక మీ పాస్‌పోర్టు నకలు జతచేసి నిశ్చింతగా పంపవచ్చు. వేరే దేశపు పౌరసత్వం తీసుకున్నవారి నుంచి మాత్రం ఒక్క రూపాయి కూడా తీసుకోలేం. దయచేసి నొచ్చుకోకండి, మీ ప్రార్థన మాకు కావాలి.

కానుకలు ఆదివారం ఆరాధన తరువాత కోశాధికారికి ఇచ్చి రసీదు తీసుకోండి. బ్యాంకు ఖాతా వివరాలు నోటీసు బోర్డు మీద ఉన్నాయి. ఏప్రిల్ చివరి ఆదివారంలోగా అందితే సరుకులు ముందే కొనుక్కోగలుగుతాం. జమాఖర్చులు జూన్ మొదటి ఆదివారం సంఘం ముందు చదివి వినిపిస్తాం. ఏమైనా మిగిలితే వచ్చే ఏటి శిబిరానికే జమ అవుతుంది.

ప్రభువు సేవలో,
సంఘ కమిటీ