మీ షెడ్డులో బాక్సుకు అప్‌డేట్ ఎందుకు ఆపామంటే

ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు, తోటపల్లిగూడూరు వైపు రొయ్యల గుంతలున్న రైతులకు, ప్రకాశంలో కొత్తపట్నం వైపు వాళ్లకు, మా లెక్కల సాఫ్ట్‌వేర్ వాడే ఫీడ్ షాపుల వాళ్లకు నమస్కారం.

గుంత నీళ్లలో ఆక్సిజన్ చూసి, అది పడిపోతే సైరన్ కొట్టే మా బాక్సుకు సంక్రాంతి దాటగానే ఇస్తామన్న అప్‌డేట్ 2026 ఫిబ్రవరి వచ్చినా మీ చేతికి రాలేదు. ఫోన్ చేసినవాళ్లకు "ఇంకో వారం" అని రెండుసార్లు చెప్పాం. మూడోసారి ఆ మాట చెప్పి నీళ్లు నమలడం నాకిష్టం లేదు. ఏం జరిగింది, ఇప్పుడేం చేస్తున్నాం, మీ దగ్గర మాకేం కావాలి, అన్నీ ఉన్నదున్నట్టు రాస్తున్నాను. పొడుగైనా చదవండి. ఇది మీ సైరన్ సంగతి.

మొదట గత సెప్టెంబర్‌లో ఒక రాత్రి గురించి చెప్పాలి. కొందరికి ముక్కలు ముక్కలుగా తెలుసు, పూర్తిగా నేనెప్పుడూ చెప్పలేదు. విడవలూరు దగ్గర ఒక రైతుకు అయిదు గుంతలు. ఆ రాత్రి వానకు కరెంటు పోయింది, నెట్ కూడా పోయింది. జనరేటర్ వేశాక బాక్సు మళ్లీ ఆన్ అయింది. డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, రీడింగులు తీసుకునే ప్రోగ్రాం లేచింది, మేత లెక్కల ప్రోగ్రాం లేచింది. సైరన్ కొట్టే ప్రోగ్రాం మాత్రం లేవలేదు. తెల్లవారుజామున మూడున్నరకు మూడో గుంతలో డీఓ 3 కిందికి పడింది. ఆ అంకె బాక్సులో నమోదైంది కూడా. సైరన్ మోగలేదు. కాపలా మనిషి అలవాటు కొద్దీ టార్చి వేసుకుని ఒక చుట్టు తిరిగితే, రొయ్యలు పైకి తేలి గట్టు వెంబడి తిరుగుతూ కనిపించాయి. జనరేటర్ మీదికి మారినప్పుడు నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లలో రెండింటి స్టార్టర్లు పడిపోయి ఉన్నాయి. ఆయన పరుగున పోయి వాటిని వేశాడు. పంట దక్కింది. మా బాక్సు వల్ల కాదు, ఆ మనిషి వల్ల దక్కింది.

తప్పు నెట్ వాళ్లది కాదు, కరెంటు వాళ్లదీ కాదు. నాది. ఎలాగో చెప్తాను.

మీ షెడ్డులో ఉన్న చిన్న కంప్యూటర్‌లో మా ప్రోగ్రాములు ఒక్కొక్కటీ ఒక్కో కంటైనర్‌లో నడుస్తాయి. కంటైనర్ అంటే ప్రోగ్రామూ దానికి కావలసిన సామానూ కలిపి కట్టిన మూట. ఈ మూటలను కనిపెట్టుకుని, ఏది పడిపోయినా మళ్లీ లేపే మేస్త్రి పేరు కుబెర్నెటీస్. 2014లో గూగుల్ బయటపెట్టింది, ఇప్పుడు ప్రపంచమంతా వాడుతోంది. గ్రీకు భాషలో ఆ మాటకు ఓడ చుక్కాని పట్టేవాడని అర్థం. మీ బాక్సులో ఉన్నది దాని తేలిక రూపం, కే3ఎస్. "రొయ్యల గుంతకు ఇంత సరంజామా ఎందుకు" అని కొందరు అడిగారు. అర్ధరాత్రి ప్రోగ్రాం పడిపోతే దాన్ని లేపడానికి నెల్లూరు నుంచి మేం రాలేం కాబట్టి. అదంతా క్లౌడ్‌లో, అంటే నెట్ ఉంటేనే అందే దూరపు కంప్యూటర్లలో, పెట్టకుండా మీ షెడ్డులోనే ఎందుకు పెట్టామో 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను చూసినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

ప్రతి మూటకూ ఒక చీటీ ఉంటుంది, దాని మీద వెర్షన్ నంబర్ వేస్తాం. సైరన్ ప్రోగ్రాం చీటీ మీద ఒకరోజు తొందరలో నేనే నంబర్ వేయకుండా "లేటెస్ట్" అని వదిలేశాను. కుబెర్నెటీస్‌కు ఒక నియమం ఉంది. చీటీ మీద లేటెస్ట్ అని ఉండి, మనం వేరే ఏమీ చెప్పకపోతే, ఆ మూటను లేపిన ప్రతిసారీ నెట్‌లోకి పోయి ఇంతకంటే కొత్తది వచ్చిందా అని అడుగుతుంది. జవాబు రాకపోతే, డిస్క్‌లో మూట కళ్లెదురుగా ఉన్నా దాన్ని విప్పదు. ఆ రాత్రి జరిగింది అదే. అక్టోబర్ నెలాఖరుకల్లా అందరి బాక్సుల్లోనూ అన్ని మూటలకూ నంబర్లు వేశాం. అయితే, పంపేముందు పరీక్షించి కూడా మాకెందుకు తెలియలేదన్నది నన్ను వదల్లేదు.

మేం పరీక్షించేది కైండ్ అనే టూల్‌తో. కుబెర్నెటీస్ క్లస్టర్‌ను, అంటే మామూలుగా కొన్ని మెషీన్ల గుంపును, ఒకే ల్యాప్‌టాప్‌లో డాకర్ (కంటైనర్లను నడిపే సాఫ్ట్‌వేర్) కంటైనర్లుగా నిలబెట్టే ఉచిత టూల్ అది. కుబెర్నెటీస్ చేసేవాళ్లే తమ కోడ్‌ను పరీక్షించుకోవడానికి దాన్ని మొదలుపెట్టారు. ఒక్క కమాండ్ కొడితే రెండు మూడు నిమిషాల్లో క్లస్టర్ లేస్తుంది, పని అయిపోతే ఇంకో కమాండ్‌తో ఆనవాలు లేకుండా పోతుంది. మాలాంటి ముగ్గురు మనుషుల ఆఫీసుకు అంతకన్నా మేలు చేసిన టూల్ ఇంకోటి లేదు. ఆ మాట ఇప్పటికీ అంటాను. కానీ వేదాయపాళెంలో మా ఆఫీసులో నెట్ ఎప్పుడూ ఉంటుంది. లేటెస్ట్ చీటీ ఉన్న మూట అక్కడ ప్రతిసారీ నెట్‌ను అడిగింది, ప్రతిసారీ జవాబొచ్చింది, ప్రతిసారీ లేచింది. హేచరీ నీళ్లలో చురుగ్గా తిరిగిన సీడ్‌ను, అంటే రొయ్య పిల్లలను, మన గుంత ఉప్పుకు అలవాటు చేయకుండా సంచి విప్పి పోసేస్తే ఏమవుతుందో మీకు నాకంటే బాగా తెలుసు. నేను చేసింది అదే.

ఇప్పుడు మా పరీక్ష వేరుగా ఉంది. కైండ్ క్లస్టర్ నిలబెట్టి, మూటలన్నీ ముందే అందులోకి ఎక్కించి, రూటర్ వైరు పీకేస్తాం. తర్వాత క్లస్టర్‌ను ఆపి మళ్లీ లేపుతాం. వైరు లేకుండా అన్నీ లేచి, మేజా మీద పెట్టిన సైరన్ నిజంగా మోగితేనే పాస్. పక్క షాపు వాళ్లు రెండుసార్లు వచ్చి ఏమైందని అడిగారు, వాళ్లకు కూడా ఈ కథ చెప్పాను.

ఇక ఆలస్యం సంగతి. కుబెర్నెటీస్‌కు ఏడాదికి మూడు వెర్షన్లు వస్తాయి. ఒక్కోదానికి సుమారు 14 నెలలు మరమ్మతులు ఇస్తారు, ఆ తర్వాత దాన్లో ఏ కంత బయటపడినా పూడ్చేవాళ్లుండరు. మీ బాక్సుల్లో ఉన్నది 1.32. దాని గడువు ఈ ఫిబ్రవరి నెలాఖరుతో తీరిపోతుంది. కాబట్టి పైకి జరగాల్సిందే. డిసెంబర్‌లో కుబెర్నెటీస్ 1.35 వచ్చింది, వెంటనే దాన్ని డీఫాల్ట్‌గా పెట్టుకుని కైండ్ 0.31 వచ్చింది. మేం దాంతో పరీక్ష మొదలుపెట్టాం. కొత్త ల్యాప్‌టాప్‌లో వైరు పీకినా అన్నీ పాసయ్యాయి. ఆ సాయంత్రమే మీకు మెసేజ్ పెట్టాల్సింది.

సెప్టెంబర్ దెబ్బ తర్వాత నేను పెట్టుకున్న ఇంకో నియమం ఆ మెసేజ్‌ను ఆపింది. మీ షెడ్డుల్లో ఉన్నలాంటి పాత బాక్సు ఒకటి మా ఆఫీసులో కూడా పెట్టాను, ధూళితో సహా. దాని మీద అదే కైండ్‌తో అదే క్లస్టర్ నిలబెడితే లేవలేదు. నిమిషాల తరబడి తిరిగి, కంట్రోల్ ప్లేన్, అంటే క్లస్టర్‌ను నడిపే భాగం, రాలేదని చెప్పి ఆగిపోయింది. లాగ్‌లు తీసి చదివితే కారణం దొరికింది. ఆ బాక్సును నడిపే ఆపరేటింగ్ సిస్టం ఉబుంటు 20.04. అది మెమరీ, సీపీయూ వాటాలు పంచే పద్ధతి పాతది, సీగ్రూప్ ఒకటో వెర్షన్. ఉబుంటు 22.04లోనూ ఆ తర్వాతవాటిలోనూ రెండో వెర్షన్ ఉంది. పాతదాన్ని వదిలేస్తామని కుబెర్నెటీస్ వాళ్లు 2024లోనే, 1.31 నాడే చెప్పడం మొదలుపెట్టారు. 1.35 నుంచి పాత పద్ధతి కనిపిస్తే మామూలుగా స్టార్ట్ అవడానికే ఒప్పుకోదు.

ఇక్కడ నేను నేర్చుకున్న సంగతి ఒకటుంది, ఈ పని చేసే కుర్రాళ్లు మీ ఇళ్లల్లో ఉంటే వాళ్లకూ పనికొస్తుంది. కైండ్ చూపించే మెషీన్ నిజమైన మెషీన్ కాదు, అది కంటైనర్. దానికి సొంత కెర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ, ఉండదు, కింద ఉన్న కంప్యూటర్ కెర్నెల్‌నే వాడుకుంటుంది. అంటే మా ల్యాప్‌టాప్‌లో పాసైన పరీక్ష మా ల్యాప్‌టాప్ గురించి చెప్పింది. మీ షెడ్డు గురించి ఏమీ చెప్పలేదు. ఆ పాత బాక్సే లేకపోతే, 41 మంది కస్టమర్లలో ఉబుంటు 20.04 ఉన్న 17 మందికి ఒకే రాత్రి అప్‌డేట్ పంపి ఉండేవాళ్లం. తలుచుకుంటే నాకు ఇప్పటికీ చేతులు చల్లబడతాయి.

పాత పద్ధతిని కూడా ఒప్పుకోమని చెప్పే సెట్టింగ్ ఒకటుంది. ఒక్క లైన్ మారిస్తే ఈ గండం ఇవాళ్టికి గడిచేది, మీకు ఆలస్యం కూడా తెలిసేది కాదు. మా కుర్రాడు అదే అన్నాడు, అతను అన్నదాంట్లో తప్పు లేదు. నేనే వద్దన్నాను. ఉబుంటు 20.04కు మామూలు సపోర్ట్ 2025 మేలోనే అయిపోయింది. అప్పుడే మార్చాల్సిన దాన్ని పంటల మధ్య ఖాళీ దొరకలేదని నేను వాయిదా వేస్తూ వచ్చాను. ఇంకోసారి వాయిదా వేస్తే అది గుంత నిండా సీడ్ ఉన్నప్పుడే వచ్చి మీద పడుతుంది.

కొత్త వెర్షన్లతో ఇంకో రెండు మూడు చిక్కులొచ్చాయి, అవి మా ఆఫీసు గోడలు దాటలేదు. నిరుడు ఫిబ్రవరిలో కైండ్ 0.27తో లోపల మూటలను విప్పి నడిపే కంటైనర్‌డీ రెండో వెర్షన్‌కు మారింది, మేం సొంతంగా పెట్టుకున్న మూటల గోడౌన్ దారి రాసిన పద్ధతి పనికిరాకుండా పోయి ఒక పూట పోయింది. బయటి నుంచి వచ్చే రిక్వెస్టులను సరైన ప్రోగ్రాంకు పంపడానికి మేం పరీక్షలో వాడే ఇంగ్రెస్ ఎన్‌జింక్స్‌కు వచ్చే మార్చితో మరమ్మతులు ఆపేస్తున్నారు. మీ బాక్సుల్లో ఆ పనికి వేరేది, ట్రేఫిక్ (Traefik) అనేది ఉంది కాబట్టి మీకు ఇబ్బంది లేదు. కానీ మేం పరీక్షించేది ఒకటి, మీ దగ్గర నడిచేది ఇంకోటి అని అది గుర్తుచేసింది. అందుకే ఇక మీదట కైండ్‌లో మొదటి పరీక్ష, ఆ తర్వాత మీ బాక్సులో ఉండే కే3ఎస్‌నే డాకర్‌లో నడిపే కే3డీలో రెండోది, ఆఖరున పాత బాక్సు మీద మూడోది. కైండ్ క్లస్టర్లకు కూడా వెర్షన్ నంబర్‌తో పాటు దాని షా256 ముద్రను, అంటే అది అదేనని తేల్చే వేలిముద్ర లాంటి అంకెను, రాసి పెడుతున్నాం. కైండ్ వాళ్లు ప్రతి రిలీజ్‌లో అలా చేయమని చెప్తూనే ఉన్నారు, మేమే పట్టించుకోలేదు.

సరే, మీకేం మారుతుంది? ఇప్పుడు మీ అందరికీ ఇస్తున్నది 1.35 కాదు, 1.34. దానికి 2026 అక్టోబర్ దాకా మరమ్మతులున్నాయి, అంటే ఎండాకాలం పంట నిశ్చింతగా దాటుతుంది. రొయ్యల పట్టుబడులు అయ్యాక 1.35 సంగతి చూద్దాం. ఉబుంటు 22.04 గానీ ఆ తర్వాతది గానీ ఉన్న 24 మందికి మేం ఎవరం రానక్కర్లేదు. ఈ ఆదివారం పగటిపూట, పది గంటల నుంచి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, మీరు సరేనన్నాకే అప్‌డేట్ వేస్తాం. రాత్రిపూట ఏదీ వేయం.

మిగతా 17 మంది షెడ్డులకు మేమే వస్తాం. డిస్క్ మొత్తం తుడిచి అక్కడ కూర్చుని ఎక్కించే పని కాదు. ఆఫీసులోనే కొత్త ఎస్‌ఎస్‌డీ డిస్క్ మీద ఉబుంటు 24.04, కే3ఎస్ 1.34, మా ప్రోగ్రాములు అన్నీ ఎక్కించి, వైరు పీకి పరీక్షించి తెస్తాం. మీ దగ్గర బాక్సు వెనక నాలుగు స్క్రూలు విప్పి పాత డిస్క్ తీసి కొత్తది పెట్టి, పాతదాన్లోని మీ లెక్కలు దాన్లోకి ఎక్కిస్తాం. మేం ఆఫీసులో గడియారం పెట్టుకుని చేస్తే గంట లోపే అయింది, షెడ్డులో రెండు గంటలు అనుకోండి. పాత డిస్క్‌ను కవర్లో పెట్టి, తేదీ రాసి మీ చేతికే ఇస్తాం. దాన్ని పారేయొద్దు, అందులో మీ నిరుటి పంటల లెక్కలన్నీ ఉన్నాయి. కొత్తది ఏ కారణానికైనా మొరాయిస్తే పాతది తిరిగి పెట్టి మునుపటిలాగే నడపొచ్చు.

డిస్కుల ఖర్చు మాది. నేను వాయిదా వేసినందుకు మీరు డబ్బులు కట్టడం న్యాయం కాదు. ఏడాది మెయింటెనెన్స్ కూడా ఈసారి పెంచడం లేదు. వచ్చే ఏడు పెంచాల్సి రావచ్చు, వస్తే ఒక పంట ముందే చెప్తాను. విడవలూరు రైతుకు నిరుటి మెయింటెనెన్స్ మొత్తం తిరిగి ఇచ్చేశాను. ఆయన వద్దన్నారు, నేను ఊరుకోలేదు.

మీరు చేయాల్సింది కొంచెమే. బాక్సు ఉన్న గది తాళం ఆ రోజు అందుబాటులో ఉంచండి. సైరన్ వైరును ఎవరైనా పీకేసి ఉంటే ముందే చెప్పండి, కోప్పడం. రాత్రిళ్లు ఊరికే మోగుతోందని ముగ్గురు పీకేశారని నాకు తెలుసు. చాలాసార్లు అది మీటర్ ప్రోబ్ మీద పాచి పట్టడం వల్ల, వచ్చినప్పుడు అదీ చూస్తాం. యూపీఎస్ బ్యాటరీ రెండేళ్లు దాటి ఉంటే దాన్ని కూడా ఒకసారి లోడ్ పెట్టి చూపిస్తాం, మార్చాలో వద్దో మీ ఇష్టం. గుంతలో సీడ్ వదిలేసిన వాళ్లెవరైనా ఉంటే దయచేసి ముందే చెప్పండి. మీ దగ్గర పని జరిగిన రాత్రి మాలో ఒకరు షెడ్డులోనే పడుకుంటారు. మంచం అక్కర్లేదు, చాప ఉంటే చాలు.

సోమవారం అల్లూరు నుంచి మొదలుపెడుతున్నాం, తర్వాత విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ఆఖరున కొత్తపట్నం. మీ వంతు ఏ రోజో ముందు రోజు సాయంత్రం ఆఫీసు నంబర్ నుంచి ఫోన్ వస్తుంది. ఆ రోజు మీకు కుదరకపోతే కుదరదని చెప్పండి, మీ పట్టుబడిని బట్టి మేం జరుపుకుంటాం.