ఇనప రేకా, తారు షింగిలా? ముందు బిగింపు చూడండి

సంపాదకునికి,

కప్పుకు ఏం వేయాలన్న ప్రశ్న మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇల్లు కట్టుకునే ప్రతివారికీ వస్తుంది. ఇదివరకు సిమెంటు రేకులా, జింకు రేకులా అని అడిగేవారు. ఇప్పుడు వాలు శ్లాబుల డూప్లెక్సులు పెరిగాక కలర్ రేకులా, షింగిల్సా (తారు పట్టించిన పలకలు) అని అడుగుతున్నారు. షాపువాళ్లు చేతిలో పెట్టే రంగుల కాగితాల్లో అందం, గ్యారంటీ సంవత్సరాలు ఉంటాయి గానీ ఎన్ని స్క్రూలు, ఎంత దూరానికి ఒక పర్లిన్ (రేకును మోసే అడ్డ ట్యూబు), ఉప్పుగాలికి ఏమవుతుంది అన్నవి ఉండవు. కప్పు పనులు చేసేవాళ్లుగా ఆ సంగతులు మీ పత్రిక ద్వారా పాఠకులకు చెప్పాలని ఈ ఉత్తరం.

మా అభిప్రాయం ముందే చెబుతాం. కాంక్రీటు వాలు శ్లాబు ఉన్న ఇంటికి షింగిల్స్ పరవాలేదు. శ్లాబు లేకుండా ఇనప ఫ్రేము మీద ప్లైవుడ్ కొట్టి, దానిమీద షింగిల్స్ అతికించే పని మాత్రం మన తీరంలో వద్దు. శ్లాబు లేని ఇంటికి లేత రంగు లోహపు రేకే సరైనది. అయితే రేకు కంటే దాని కింద ఉన్నవాటికే ఎక్కువ డబ్బు పెట్టాలి.

గాలి కప్పును కిందికి నొక్కుతుందని చాలామంది అనుకుంటారు. కప్పు మీదుగా దాటే గాలి దాన్ని పైకి లాగుతుంది. కట్టడాలపై గాలి బలానికి భారత ప్రమాణమైన ఐఎస్ 875 మూడో భాగంలో విశాఖపట్నానికి ఇచ్చిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. మన తీరపు మండలాలకూ అదే లెక్క. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చినప్పుడు ఆ లెక్క ఊరికే రాయలేదని అందరికీ తెలిసింది. 50ని 50తో గుణించి మళ్లీ 0.6తో గుణిస్తే గాలి ఒత్తిడి వస్తుంది: చదరపు మీటరుకు 1,500 న్యూటన్లు, వాడుకలో చెప్పాలంటే సుమారు 150 కిలోలు. పదడుగుల పొడవు, మూడున్నర అడుగుల వెడల్పు ఉన్న రేకు మూడుంపావు చదరపు మీటర్లు ఉంటుంది. అంటే ఒక్క రేకును గాలి పైకి లాగే బలం దాదాపు 490 కిలోలు. ఆ రేకు బరువు చూస్తే పదిహేను కిలోల దరిదాపు. తుపాను కబురు వినగానే రేకుల మీదికి ఎక్కించే ఇసుక మూటలు, రాళ్లు, పాత టైర్లు ఈ లెక్కలో ఎక్కడా ఆనవు. పైగా గాలికి లేచి పక్కింటి మీద పడతాయి. దయచేసి ఆ అలవాటు మానండి.

ఈ లాగుడు కప్పంతా ఒకేలా ఉండదు. చూరు వెంబడి, కొప్పు వెంబడి, ముఖ్యంగా నాలుగు మూలల్లో నడిమి భాగానికి ఒకటిన్నర నుంచి రెండింతలు ఉంటుంది. కప్పు లేచేది మూల నుంచే. ఒక మూల లేచిందంటే లోపలికి దూరిన గాలి కింద నుంచి తోస్తుంది, పై గాలి లాగుతుంది, వరసలు వరసలుగా పోతాయి. కిటికీ గానీ తలుపు గానీ పగిలినా ఇదే జరుగుతుంది. అందుకే కప్పు ఎంత గట్టిగా వేసినా తలుపు గడియ బలహీనంగా ఉంటే లాభం లేదు.

కప్పు ఆకారం మీద కూడా చాలా ఆధారపడి ఉంది. వాలు 22 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటే లాగుడు తగ్గుతుంది. రెండు వాలుల కప్పు కంటే నాలుగు వైపులా వాలే కప్పు మేలు, ఎందుకంటే గాలికి అడ్డంగా నిలబడే ముక్కోణపు గోడ దానికి ఉండదు. మన తీరంలో పూర్వం కట్టిన చుట్టిళ్లు ఈ సంగతి ఎరిగినవే. గుండ్రటి గోడ, నేలకు దగ్గరగా దిగిన చూరు, గాలికి పట్టు దొరికే మూల అంటూ ఉండదు. ఇక చూరు గోడ దాటి ఒకటిన్నర అడుగు మించకూడదు. వసారా కావాలంటే దాని కప్పు వేరుగా, దాని స్తంభాల మీదే వేయండి. వసారా పోయినా ఇంటి కప్పు మిగులుతుంది.

ఇక రేకుల సంగతి. మార్కెట్లో 0.30 మి.మీ. నుంచి 0.50 మి.మీ. వరకు దొరుకుతాయి. మన గాలికి 0.50 వేయాలి. అది కూడా రంగు, పూత కాకుండా లోపలి ఉక్కు ఎంత అని అడగాలి. షాపులో 0.50 అని చెప్పేది చాలాసార్లు పూతలతో కలిపిన మొత్తం మందమే. మైక్రోమీటరుతో కొలిచినా పూతతో కలిపే వస్తుంది కాబట్టి ఉక్కు మందం, పూత బరువు రెండూ బిల్లు మీద రాయించుకోండి. పూతలో సాదా జింకు కంటే అల్యూమినియం 55 శాతం, మిగతా దాదాపు అంతా జింకు ఉండే గాల్వాల్యూమ్ రకం ఎక్కువ కాలం నిలుస్తుంది. అది చదరపు మీటరుకు 150 గ్రాములు ఉండాలి. బారువ, భావనపాడు, కళింగపట్నం లాంటి చోట్ల సముద్రపు నురుగు గాలిలో వచ్చే దూరంలో ఇల్లుంటే ఈ పూతకూ త్వరగా చేటు. అక్కడ అల్యూమినియం రేకు వేయడం మేలు, ఖర్చెక్కువైనా. ఇంకో మాట: ఉప్పు గాలికి మొదట తుప్పు పట్టేది వాన తగిలే పైభాగం కాదు, వాన కడగని చూరు కింది అంచు. ఏడాదికి రెండుసార్లు అక్కడ మంచినీళ్లతో కడిగితే రేకు ఆయుష్షు పెరుగుతుంది.

పర్లిన్లు నడిమధ్య నాలుగడుగులకు ఒకటి, అంచుల్లో మూడడుగులకు ఒకటి చొప్పున వేయాలి. పర్లిన్ ట్యూబు మందం 2 మి.మీ.కు తగ్గితే స్క్రూ పళ్లకు పట్టు దొరకదు. పదడుగుల రేకుకు మూడు పర్లిన్లు వేసి, ఒక్కో పర్లిన్‌కు మూడు చొప్పున తొమ్మిది స్క్రూలతో సరిపెట్టడం చాలాచోట్ల మామూలైంది. ఇందాకటి 490 కిలోలను తొమ్మిదికి పంచితే ఒక్కో స్క్రూ మీద 54 కిలోలు, మూలలో అయితే వంద దాటుతుంది. అదే నాలుగు పర్లిన్లు వేసి, ఒక్కో పర్లిన్ మీద రేకు గట్టు గట్టుకూ ఒకటి చొప్పున అయిదు స్క్రూలు వేస్తే ఇరవై అవుతాయి, ఒక్కోదానిమీద పాతిక కిలోల లోపే. అదనంగా అయ్యే పదకొండు స్క్రూల ధర ఆ రేకు ధర ముందు లెక్కలోకి రాదు.

ఒక్కసారి లాగితే ఓర్చుకునే బిగింపు, గంటల తరబడి లాగి వదులుతుంటే ఓర్చుకోదు. 1974 డిసెంబరు 25న ఆస్ట్రేలియాలోని డార్విన్ నగరాన్ని ట్రేసీ తుపాను కొట్టినప్పుడు ఇళ్ల కప్పులు పోవడానికి ఒక పెద్ద కారణం ఇదే. స్క్రూ తల చుట్టూ రేకు పదేపదే వంగి, సన్నని పగుళ్లు పుట్టి, అవి కలిసిపోయి, స్క్రూను అక్కడే వదిలేసి రేకు లేచిపోయింది. అప్పటి నుంచి అక్కడి తుపాను ప్రాంతాల్లో స్క్రూ తల కింద రేకు గట్టు ఆకారంలో వంచిన వెడల్పాటి వాషరు వేస్తున్నారు. మన దగ్గరా తుపాను వెలిశాక పర్లిన్‌కు స్క్రూ అలాగే ఉండి రేకు లేకపోతే కారణం వెతకనక్కర్లేదు. ఆ వాషర్లు దొరికితే చూరు, కొప్పు, మూలల వరకైనా వేయించండి.

స్క్రూ బిగించే తీరులో జరిగే పొరపాట్లు చాలా చిన్నవిగా కనిపిస్తాయి. తల కింది రబ్బరు ఎండకు ఓర్చే ఈపీడీఎం రకం కావాలి. చవక రబ్బరు ఎండకు రెండు మూడేళ్లలో గట్టిపడి చిట్లుతుంది, నీరు దిగుతుంది. సరిగ్గా బిగిస్తే రబ్బరు లోహపు వాషరు అంచుకు సమానంగా, రవ్వంత పొంగి కనిపిస్తుంది. పువ్వులా బయటికి విచ్చుకుందంటే ఎక్కువ బిగించారు, రేకు గట్టు నొక్కుకుపోయి ఉంటుంది. వాషరు వేలితో తిరుగుతుంటే తక్కువ బిగించారు. స్క్రూ వంకరగా దిగితే ఒక పక్క రబ్బరు అసలు ఆనదు. స్క్రూకు తుప్పును ఆపే క్లాస్ 4 పూత ఉండాలి, లేకుంటే రేకు కంటే స్క్రూకే ముందు తుప్పు వస్తుంది. రేకును గ్రైండరు రాయితో కోయనివ్వకండి. నిప్పురవ్వలకు అంచు పూత కాలిపోతుంది, రవ్వలు పడినచోటల్లా వానాకాలానికి ఎర్ర చుక్కలు తేలతాయి. కత్తెరతో గానీ నిబ్లరుతో (రేకును కొరికినట్టు కోసే మిషను) గానీ కోయాలి. డ్రిల్లు పొడిని ఆ సాయంత్రమే మెత్తటి చీపురుతో ఊడ్చేయాలి. రేకులు వేశాక పైన వెల్డింగు పని పెట్టకూడదు. పచ్చి సిమెంటు రేకుకు తగిలితే అల్యూమినియం పూతను తినేస్తుంది, పిట్టగోడ దగ్గర ప్లాస్టరింగు చేసేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

రేకు మీద రేకు పక్కకు ఎక్కేచోట, గాలి ఎక్కువగా వచ్చే వైపు నోరు లేకుండా చూసి, అడుగున్నరకు ఒక స్క్రూ వేసి రెండు రేకుల్నీ కుట్టాలి. కొప్పు రేకు రెండు వైపులా కనీసం ఆరంగుళాలు దిగాలి, ప్రతి గట్టుకూ స్క్రూ పడాలి.

ఇంత చేసినా పర్లిన్లు గోడ గూళ్లలో ఊరికే కూర్చుంటే కప్పంతా ఒకే ముక్కగా లేస్తుంది. గోడల మీద నాలుగు వైపులా కలిసే కాంక్రీటు బ్యాండు పోసి, దాని కడ్డీలను పిల్లర్లలోకి దింపాలి. బ్యాండు పోసేటప్పుడే 16 మి.మీ. బోల్టులను, కింది కొస వంచి, బ్యాండు కడ్డీల కిందికి తగిలించి నిలబెట్టాలి. తర్వాత గోడకు చిల్లి పెట్టి బోల్టు దిగ్గొడితే దాని పట్టు ఆ ఇటుక పట్టే. ఫ్రేము అడుగున ఉండే బేస్ ప్లేటును ఆ బోల్టులకు బిగించే నట్టు మీద ఇంకో నట్టు వేయండి, గాలి ఊపుకు వదులు కాదు. ఈ పని రేకులు వేశాక కనపడదు. కాబట్టి ఇంటి బిల్లు మంజూరు చేసే ఇంజినీర్లు రేకులు ఎక్కకముందే ఒకసారి వచ్చి బోల్టులు చూడాలని మా విన్నపం.

షింగిల్స్ అంటే ఫైబర్‌గ్లాస్ చాప మీద తారు పట్టించి, పైన రాతి రవ్వ అద్దిన పలకలు. ప్రతి పలక అడుగున ఒక జిగురు పట్టీ ఉంటుంది. ఎండ వేడికి అది కరిగి కింది పలకకు అతుక్కుంటేనే గాలికి ఆగుతుంది. ఎర్రదుమ్ము, ఇసుక పడిన మీద వేస్తే అతుక్కోదు. అప్పుడు పలక అంచు గాలికి తెరుచుకుని, మేకుల వరస దగ్గర మడత పడి విరుగుతుంది. కొనేటప్పుడు గాలికి ఆగే శక్తిని చెప్పే అమెరికా ప్రమాణం, ఏఎస్‌టీఎం డీ7158 క్లాస్ హెచ్ అని అడగండి, అది గంటకు 150 మైళ్లకు, అంటే 240 కిలోమీటర్లకు పరీక్షించిన రకం. పలకకు నాలుగు మేకులు సరిపోవు, ఆరు కావాలి. అవి పలక మీద గీసిన వరసలోనే పడాలి, పైకి జరిగితే కింది పలక పట్టు పోతుంది. శ్లాబు పోసి 28 రోజులు నీళ్లు పట్టి, పూర్తిగా ఆరనిచ్చి, తారు ప్రైమరు కొట్టి, దానిమీద వాటర్‌ప్రూఫ్ చాప పరచి, అప్పుడు షింగిల్స్ వేయాలి. చూరు మొదటి వరసలో జిగురు అంచుకు దగ్గరగా ఉండే స్టార్టరు పట్టీ తప్పనిసరి. మామూలు పలకను తిరగేసి వేసి పని కానిచ్చేవాళ్లున్నారు, ముందుగా లేచేది ఆ వరసే. వాలు 18 డిగ్రీలకు తగ్గితే చాప రెండు పొరలు వేయాలి.

ప్లైవుడ్ మీద ఎందుకు వద్దంటున్నామంటే, మన తేమకు ప్లై ఉబ్బి మేకు వదులవుతుంది, చెద పడుతుంది, ఒక్క పలక పోయినచోట నీరు దిగితే రెండు వానలకు ప్లై పొరలు విడిపోతాయి. పైగా నల్లటి నాచు చారలు తేమ ఊళ్లలో షింగిల్స్‌కు తప్పని బెడద. రాగి రవ్వ కలిపిన రకం అయితే కొంత ఆగుతుంది.

వేడి విషయంలో ముదురు షింగిల్ ఎండను పది శాతం అటూ ఇటూ మాత్రమే తిప్పి పంపుతుంది. ఏప్రిల్, మే నెలల్లో దాని పైభాగం 70 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడి శ్లాబులోకి దిగి రాత్రికి గదిలోకి వస్తుంది. తెల్ల రంగు రేకు అరవై శాతానికి పైగా తిప్పికొడుతుంది, పొద్దు గుంకగానే చల్లబడుతుంది. రంగు లేని మెరుపు రేకు కూడా ఎండను బాగానే తిప్పికొడుతుంది గానీ పట్టిన వేడిని త్వరగా వదలదు, అందుకే తెలుపే మేలు. రేకు కింద మెరిసే లోహపు కాగితం అతికిన బబుల్ షీటు వేస్తే, మెరిసే వైపు ముందు కనీసం అంగుళం ఖాళీ ఉండాలి. రేకుకు అంటించి వేస్తే సగం ప్రయోజనం పోతుంది. 50 మి.మీ. రాక్‌ఊల్ (రాతి నారతో చేసిన దూది లాంటి పరుపు) పరిచి కింద సీలింగు వేస్తే వాన చప్పుడు కూడా తగ్గుతుంది. గాలికి తిరిగే టర్బో ఫ్యాన్లు మాత్రం పెట్టించకండి. తుపానుకు అది ఊడితే కప్పు నడిమధ్య చిల్లి మిగులుతుంది. దాని బదులు, ముక్కోణపు గోడ ఉన్న ఇంటికి ఆ గోడలో లోపలి నుంచి మూసుకునే తలుపున్న కిటికీ పెట్టుకోండి.

కరెంటు సర్వీసు వైరు రేకులకు తగలకుండా వేరే గొట్టం మీదుగా తీసుకోవాలి, ఫ్రేముకు ఎర్త్ ఇవ్వాలి. ఉద్దానంలో ఇంటి మీదికి వంగిన కొబ్బరిచెట్టుకు ఏ రేకూ తట్టుకోదు, ఏ షింగిలూ తట్టుకోదు. అలాంటి చెట్టు సంగతి ముందు చూసుకోవాలి.

ఇప్పటికే రేకులున్న ఇళ్లవారు సెప్టెంబరులో ఒక ఎండ పొద్దున మేస్త్రీని ఎక్కించి, ముందు చూరు వరస, తర్వాత కొప్పు, మూలలు చూపించుకోండి. వదులైన స్క్రూను అదే చిల్లిలో మళ్లీ తిప్పితే పట్టదు. దాన్ని తీసి, ఒక సైజు లావు స్క్రూ కొత్త రబ్బరుతో వేయించండి. చూరు మొదటి పర్లిన్ మీద గట్టు వదిలి గట్టుకు స్క్రూలుంటే, మధ్యలో ఖాళీగా ఉన్న గట్లకు కూడా వేయించండి. ఇద్దరు మనుషులు ఒక పూటలో చేసే పని ఇది.

ఇట్లు,
కప్పు పనుల మేస్త్రీలు, సూపర్‌వైజర్లు
టెక్కలి, శ్రీకాకుళం జిల్లా