పాథాలజీ సీటు ఎంచుకునే ముందు ఈ లెక్కలు చెప్పండి

సంపాదకుడు గారికి,

ఎంబీబీఎస్ తర్వాతి సీట్ల కోసం రాసే నీట్ పీజీ కౌన్సెలింగ్ మొదలైతే చాలు, ఎండీ పాథాలజీ కోరుకునే పిల్లల నుంచి నాకు ఫోన్లు వస్తాయి. అందరి ప్రశ్నా ఒకటే: "సార్, ఆప్షన్లలో ఏ కాలేజీ పైన పెట్టుకోమంటారు?" ఫీజు, స్టైపెండ్, ఇంటికి దూరం వాళ్లకు ముందే తెలుసు. ఆ విభాగానికి ఏడాదికి ఎన్ని బయాప్సీలు, అంటే జబ్బు తేల్చడానికి ఒంట్లోంచి తీసిన ముక్కలు, వస్తాయో మాత్రం చెప్పేవాళ్లు లేరు. తెలిసిన సీనియర్ ఉన్నవాడు కనుక్కుంటాడు. లేనివాడు కాలేజీ పేరు చూసి, మూడేళ్ల చదువును అంచనా మీద ఎంచుకుంటాడు.

దీన్ని విద్యార్థుల సొంత వ్యవహారం అనుకోవద్దు. రొమ్ములో గడ్డతో వచ్చిన ఆవిడకు అది క్యాన్సరా కాదా, అయితే ఏ రకం, హార్మోన్ మందులకు లొంగుతుందా అని తేల్చేది పాథాలజిస్టే. మనవాళ్లు "ముక్క పరీక్షకు పంపారు" అంటారే, ఆ ముక్కను చదివే మనిషిని పేషెంటు ఎప్పుడూ చూడడు. కానీ సర్జన్ ఎంత కోయాలి, కీమో ఇవ్వాలా వద్దా అన్నవి ఆ రిపోర్టును బట్టే ఉంటాయి.

పాథాలజీ పుస్తకం చదివితే వచ్చే విద్య కాదు. ఆపరేషన్లో తీసిన భాగాలను కోసి పరిశీలించే గ్రాసింగ్ టేబుల్ దగ్గర పేగును తెరిచి, కణితి ఎంత లోతుకు దిగిందో చూసి, కొవ్వులో దాక్కున్న లింఫు గ్రంథులను వేళ్లతో వెతికి తీయాలి. తర్వాత అదే కేసు స్లైడును ప్రొఫెసర్ పక్కన కూర్చుని చూడాలి. ఇది వందల సార్లు జరగాలి. ఆస్పత్రిలో పెద్ద ఆపరేషన్లు లేకపోతే ఇదెక్కడి నుంచి వస్తుంది? అపెండిక్సులు, గాల్ బ్లాడర్లు, గర్భసంచులు చూస్తూనే మూడేళ్లు గడిచిపోతాయి. ఉస్మానియా, ఆంధ్ర మెడికల్ కాలేజీ లాంటి పాత కాలేజీలకు పెద్ద ప్రభుత్వాస్పత్రులున్నాయి. నిమ్స్‌లో కిడ్నీ బయాప్సీలు చూడవచ్చు. కొత్తగా సీట్లు వచ్చిన కాలేజీల్లోనూ మంచి విభాగాలు ఉండవచ్చు, ఆ సంగతి బయటివాళ్లకు తెలిసే దారి లేకపోవడమే నా బాధ. ఆపరేషన్ సాగుతుండగానే ముక్కను గడ్డకట్టించి చదివే ఫ్రోజెన్ సెక్షన్ ఉందా? కణాల్లోని ప్రొటీన్లను బట్టి క్యాన్సర్ రకం తేల్చే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ అక్కడే చేస్తారా, మైనంలో పెట్టిన ముక్కల బ్లాకులు బయటి ల్యాబుకు పంపేస్తారా? రెసిడెంటు, అంటే పీజీ విద్యార్థి, గడ్డలోంచి సన్న సూదితో కణాలు తీసి చూసే ఎఫ్‌ఎన్‌ఏసీ స్వయంగా చేస్తాడా? సీటు నాణ్యత ఈ ప్రశ్నల్లో ఉంది.

2021 నీట్ పీజీలో దేశమంతటా 1456 సీట్లు మిగిలిపోయాయి. వాటి కోసం మరో రౌండు పెట్టాలన్న అభ్యర్థనను 2022 జూన్‌లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. ఆ ఖాళీల్లో ఎక్కువ భాగం నాన్ క్లినికల్ సీట్లే, అంటే పాథాలజీ లాగా పేషెంటుకు నేరుగా వైద్యం చేయని విభాగాలవి. 2023లో కేంద్రం అర్హత పర్సంటైల్‌ను ఏకంగా సున్నాకు దించింది, అంటే పరీక్ష రాసిన వాళ్లంతా అర్హులే. సీటు నింపడానికి కటాఫ్ తగ్గించడం తప్ప, ఆ సీటులో ఏం నేర్పుతారో చెప్పి పిల్లల్ని రప్పించాలన్న ఆలోచన ఎందుకు రాదు?

అమెరికాలో పాథాలజీ రెసిడెన్సీకి వెళ్లే మన పిల్లలు ముందు ఇంటర్వ్యూలకు హాజరై, అక్కడి రెసిడెంట్లతో మాట్లాడి, ఆ తర్వాతే ప్రోగ్రాములకు తమ ర్యాంకు జాబితా ఇస్తారు. ఇంత పెద్ద దేశంలో ప్రతి కాలేజీలో ఇంటర్వ్యూలు పెట్టడం మనకు కుదరదు, ఆ పద్ధతి నేను కోరడమూ లేదు. సమాచారం ఇవ్వడం మాత్రం కుదురుతుంది. పీజీ సీట్ల కోసం తనిఖీ జరిగినప్పుడు హిస్టోపాథాలజీ (ముక్కల పరీక్ష), సైటాలజీ (విడి కణాల పరీక్ష), హెమటాలజీ (రక్త పరీక్ష) పనిభారం లెక్కలు కాలేజీలు ఇస్తూనే ఉన్నాయి. వాటిని విద్యార్థి కంటపడేలా పెట్టడమే మిగిలింది.

ప్రైవేటు, డీమ్డ్ సంస్థలు ఫీజుల వివరాలన్నీ కౌన్సెలింగ్‌కు ముందే వెల్లడించాలని 2025లో సుప్రీంకోర్టు ఆదేశించింది. డబ్బు సంగతి ముందే చెప్పాలన్నప్పుడు చదువు సంగతి దాచడం ఏం న్యాయం? విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం తమ పరిధిలోని ప్రతి పాథాలజీ విభాగం నుంచి గత మూడేళ్ల బయాప్సీలు, సైటాలజీ కేసులు, ఫ్రోజెన్ సెక్షన్ల సంఖ్య, పనిచేస్తున్న అధ్యాపకుల సంఖ్య తెప్పించి ప్రకటించాలి. తప్పుడు లెక్కలిచ్చిన కాలేజీకి మరుసటి ఏడాది సీట్లలో కోత పెట్టాలి.

ఆప్షన్లు పెట్టే పిల్లలకు కూడా ఒక మాట. "ఇది నాకు రాదులే" అని మంచి విభాగాన్ని కిందికి నెట్టకండి. మీ ర్యాంకు వంతు వచ్చినప్పుడు మీ జాబితాలో పైనుంచి చూసుకుంటూ వచ్చి, ఖాళీగా ఉన్న మొదటి సీటు ఇస్తారు. పైన రాసింది దక్కకపోయినా కింద రాసినదాని అవకాశం తగ్గదు. కాబట్టి నిజంగా కోరుకున్న వరుసలోనే రాయండి.

ఆ వరుస తేల్చుకోవడానికే ఈ లెక్కలు కావాలి. ఏ కాలేజీలో ఎన్ని సీట్లున్నాయో చెప్పే సీట్ మ్యాట్రిక్స్‌తో పాటే అవి రావాలి, ఆప్షన్లు లాక్ అయ్యాక వస్తే ఎవరికీ అక్కరకు రావు.

— విశ్రాంత పాథాలజీ ఆచార్యుడు, గుంటూరు