పాత బోగీల ఛాయాచిత్రాలకు పూర్తి వివరణ ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

న్యూయార్క్ సబ్‌వే (నగర భూగర్భ రైలు) రవాణా సంస్థ 2001 నుంచి 2010 వరకు, సేవాకాలం ముగిసిన 2,500కు పైగా రైలు బోగీలను అట్లాంటిక్ తీర రాష్ట్రాలకు తరలించి, చేపలకు ఆవాసమయ్యే కృత్రిమ దిబ్బలుగా సముద్రంలో దింపింది. ఆ పనిలో కొంత భాగాన్ని పారిశ్రామిక ఛాయాగ్రాహకుడు స్టీఫెన్ మాలన్ చిత్రీకరించగా, 2019లో న్యూయార్క్ ట్రాన్సిట్ మ్యూజియం ఆ చిత్రాలను గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌లోని తన గ్యాలరీలో ప్రదర్శనకు పెట్టింది. కిటికీలు, తలుపులు, చక్రాలు తీసేసిన బోగీ బార్జి (సరుకులు మోసే చదునైన పడవ) అంచున ఒరిగి, ఖాళీ కిటికీల్లోంచి నీళ్లు లోపలికి దూసుకొస్తుండగా మునిగిపోయే ఆ క్షణాన్ని గోడంత ప్రింటులో చూసినప్పుడే దాని బరువు మనకు తెలుస్తుంది. ఫోన్ తెరపై అది అగ్గిపెట్టెలా కనిపిస్తుంది.

ఇలాంటి ప్రదర్శనలను మనసారా కోరుకునేవారిలో నేనూ ఒకరిని. కానీ చిత్రం అందంగా ఉన్నంత మాత్రాన వివరణ పలక క్లుప్తంగా ఉండనక్కరలేదు. దశాబ్దాలు నిలుస్తాయనుకున్న స్టెయిన్‌లెస్ స్టీల్ బోగీల్లో కొన్ని న్యూజెర్సీ తీరంలో కొద్దికాలానికే శిథిలమయ్యాయి. అంతకుముందు దింపిన మామూలు ఉక్కు బోగీలు మాత్రం మెరుగ్గా నిలిచాయి. నీటిపై తీసిన చిత్రం పక్కనే, కొన్నేళ్ల తర్వాత నీటి అడుగున తీసినది కూడా వేలాడదీయాలి. బోగీలోంచి ఏయే భాగాలు తొలగించారో, నూనె, గ్రీజు ఎలా శుభ్రం చేశారో రాయాలి. బార్జిపై పనిచేసిన కార్మికుల మాటలకూ ఆ గోడపై చోటివ్వాలని నిర్వాహకులకు నా విన్నపం.

ఇట్లు,
ఒక పాఠకురాలు