విద్యార్థులకూ అంతరిక్షంలో పని ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

రాకెట్ ఎగిరిన మర్నాడు మీరు మొదటి పేజీలో వేసే ఫొటోలను మా విద్యార్థులు కత్తిరించి దాచుకుంటారు. ఆ ఉత్సాహాన్ని నేను తక్కువ చేయను. అయితే అది వారం నిలిస్తే గొప్ప. నిజమైన పని చేతికందిన పిల్లలే శాస్త్రవేత్తలవుతారని నా గట్టి నమ్మకం.

2006లో ప్లూటో వైపు బయల్దేరిన నాసా వ్యోమనౌక న్యూ హొరైజన్స్‌నే చూడండి. అందులో ధూళిని లెక్కపెట్టే పరికరాన్ని అమెరికాలోని కొలరాడో యూనివర్సిటీ విద్యార్థులు తయారుచేశారు. పల్చటి ప్లాస్టిక్ పొరకు ధూళి రేణువు తగలగానే చిన్న విద్యుత్ సంకేతం పుడుతుంది. రేణువు ఎంతదో దాన్నిబట్టి తెలుస్తుంది. తయారుచేసినవాళ్లు చదువు ముగించుకుని వెళ్లిపోతే తర్వాతి బ్యాచ్‌లు బాధ్యత అందుకున్నాయి. అంత దూరాన తగ్గిపోవాల్సిన ధూళి తగ్గడం లేదని ఈ పరికరమే పట్టిచ్చింది. నెప్ట్యూన్‌కి ఆవల మంచు శకలాలు తిరుగుతూ, ఢీకొని ఆ ధూళిని పుట్టించే ప్రాంతమైన కైపర్ బెల్ట్ అనుకున్నదానికంటే ఇంకా దూరం వరకు ఉందేమోనని 2024లో శాస్త్రవేత్తలు అనడానికి ఈ లెక్కలే ఆధారం. 1930లో ప్లూటోకి ఆ పేరు సూచించిన పదకొండేళ్ల అమ్మాయి వెనీషియా బర్నీ. పరికరానికి ఆమె పేరే పెట్టడం నాకెంతో నచ్చింది.

దాని బరువు రెండు కిలోలు కూడా లేదు. కాబట్టి అంతరిక్ష సంస్థలు ప్రతి పెద్ద ప్రయోగంలో విద్యార్థుల కోసం ఆ మాత్రం చోటు ముందే కేటాయించాలి.

పరికరం తయారుచేసే అవకాశం అందరికీ రాదు, నిజమే. కానీ డేటా అందుబాటులోనే ఉంది. 2019లో నాసాకి ఇంటర్న్‌షిప్‌కి వచ్చిన పదిహేడేళ్ల హైస్కూల్ కుర్రాడు వేరే నక్షత్రాల చుట్టూ ఉన్న గ్రహాలను వెతికే టెస్ అంతరిక్ష టెలిస్కోప్ డేటాలో, నక్షత్రాల వెలుగు ఎప్పుడెంత తగ్గిందో చూపే గ్రాఫులు చూస్తున్నాడు. వాటిలో ఒక గ్రాఫు జంట నక్షత్రాలది; ఆ రెండూ ఒకదానికొకటి అడ్డొచ్చినప్పుడల్లా వెలుగు తగ్గుతుంటుంది. ఒక్కచోట మాత్రం వెలుగు తగ్గిన సమయం ఆ లెక్కకి కుదరలేదు. అతను దాన్ని వదిలేయలేదు. తీరా చూస్తే ఆ రెండింటి చుట్టూ తిరిగే గ్రహం బయటపడింది! టెస్ డేటాను ఇప్పుడు ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. ఆ గ్రాఫు ఎలా చదవాలో చెప్పేవాళ్లే కరువు. ముందు మా టీచర్లకే శిక్షణ కావాలి.

మీకూ ఒక విన్నపం. ప్రయోగం రోజు ఎలాగూ మొదటి పేజీ ఇస్తున్నారు. డేటా వచ్చాక లోపలి పేజీలో కాస్త చోటిచ్చి, అలాంటి గ్రాఫు ఒకటి వేసి, తేడా ఎక్కడుందో కనిపెట్టమని పిల్లల్ని అడగండి. మా క్లాసు నుంచి జవాబులు తప్పకుండా వస్తాయి.

ఇట్లు,
ఒక ఫిజిక్స్ టీచర్