సంతకం పెట్టే ముందు: మా ఎంపీ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఎంపీ గారికి నమస్కారం.

మొన్న సాయంత్రం శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్‌లో టీ తాగుతుంటే పక్క బల్ల దగ్గర పెద్ద వాదన. అమెరికా అధ్యక్షుణ్ణి అభిశంసించాలా వద్దా అని, అంటే తప్పు చేశాడని చట్టసభలో విచారించి పదవి నుంచి దించాలా వద్దా అని! ఒకాయన గ్లాసు ఠక్కున పెట్టి, "చేస్తే ఆడికి సానుభూతి వస్తాది, చెయ్యకపోతే మనల్ని చేతగానోళ్లంటారు" అన్నాడు. లెక్క సరిగ్గానే ఉంది.

అప్పటి అధ్యక్షుడు క్లింటన్‌ మీద అభిశంసనకు పట్టుబట్టిన ప్రతిపక్ష రిపబ్లికన్లు 1998 నవంబరు ఎన్నికల్లో ప్రతినిధుల సభ సీట్లు కొన్ని పోగొట్టుకున్నారు. అయినా డిసెంబరులో తీర్మానం నెగ్గించారు. 1999 ఫిబ్రవరిలో సెనేట్ ఆయన్ను వదిలేసింది. అక్కడ మూడింట రెండొంతుల ఓట్లు కావాలి మరి. 1974లో అధ్యక్షుడు నిక్సన్ కథ వేరు. ఆయన ఆఫీసులో రికార్డయిన మాటల టేపులు బయటపడ్డాక సొంత పార్టీవాళ్లే చెయ్యి వదిలేశారు. సభ ఓటు దాకా రాకుండానే రాజీనామా చేశాడు.

రాష్ట్రపతిని అభిశంసించడానికి మన రాజ్యాంగంలో 61వ అధికరణం ఉంది. నాలుగో వంతు సభ్యుల సంతకాలు, 14 రోజుల నోటీసు, ఆపైన మొత్తం సభ్యుల్లో మూడింట రెండొంతుల మద్దతు. ఇప్పటిదాకా ఏ రాష్ట్రపతినీ అలా దించలేదు. మన పాతపట్నం నుంచి తొలి లోక్‌సభకు వెళ్లిన వి.వి.గిరి గారు, రాష్ట్రపతిగా ఉండగానే తన ఎన్నిక కేసులో సుప్రీంకోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పారు. నాకది ఇప్పటికీ గొప్పే.

మీ ముందుకు అలాంటి కాగితం వస్తే ముందు ఆధారాలు చదువుతారా, వచ్చే ఎన్నికలు చూసుకుంటారా? చూసుకోవద్దనను, ఓడితే టెన్షన్ మీకే. కానీ సంతకం పెట్టినా, పెట్టకపోయినా కారణం ఇక్కడికొచ్చి చెప్పండి. ఏడు రోడ్ల జంక్షన్‌లో మైకు మేం పెడతాం.

ఇట్లు,
మీ ఓటరు